గుడ్డ రాసుకున్నా నొప్పేనా? అలోడీనియాతో రోజులు గడపడం ఎలా

ఫ్యాన్ గాలి తగిలితే నొప్పి పుడుతోందని ఎవరికైనా చెప్పి చూడండి. ఎదుటివాళ్ల మొహంలో ఒక చూపు కనబడుతుంది. పాపం అనాలో, నాటకం అనాలో తేల్చుకోలేని చూపు. నాకది బాగా అలవాటు. అక్కి లేచి, పొక్కులు మాని, మచ్చలు కూడా వెలిసిపోయిన నాలుగు నెలల తర్వాత కూడా ఎడమ పక్కటెముకల మీద చొక్కా రాసుకుంటే ప్రాణం విలవిల్లాడేది. అద్దంలో చూసుకుంటే అక్కడ ఏమీ ఉండేది కాదు. విచిత్రం ఏమిటంటే, అదే చోట అరచేయి గట్టిగా ఆనించి ఉంచితే ఓర్చుకోగలిగేవాణ్ణి. గుడ్డ అంచు అలా జారితే మాత్రం నిప్పు రాసుకున్నట్టుండేది.

మామూలుగా నొప్పి పుట్టించని స్పర్శ నొప్పిగా తెలియడాన్ని వైద్యంలో అలోడీనియా అంటారు. గ్రీకులో ‘అలోస్’ అంటే వేరే, ‘ఒడునే’ అంటే నొప్పి. సూది గుచ్చితే అందరికంటే ఎక్కువ నొప్పి తెలియడం వేరు, దాన్ని హైపరాల్జీసియా అంటారు. చాలామందికి రెండూ కలిసే ఉంటాయి.

ఎందుకిలా జరుగుతుందో కొంచెం తెలిస్తే కింద చెప్పే పనులన్నిటికీ అర్థం ఉంటుంది. చర్మంలో స్పర్శను మోసే నరాలు వేరు, నొప్పిని మోసే నరాలు వేరు. స్పర్శవి లావుపాటి ఏ-బీటా పోగులు, కబురు వేగంగా చేరవేస్తాయి. నొప్పివి సన్నపాటి ఏ-డెల్టా, సి పోగులు. ఇవి వెన్నుపాములో కలిసే చోట కొన్ని నాడీకణాలు కాపలా ఉండి, ఏ కబురు పైకి పోనివ్వాలో, దేన్ని ఆపాలో చూసుకుంటాయి. మోచేయి గోడకు కొట్టుకుంటే అక్కడ గబగబా రుద్దుకుంటాం, నొప్పి తగ్గినట్టుంటుంది. నొప్పి మీద పరిశోధన చేసిన రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ 1965లో దీన్నే ఒక గేటుతో పోల్చి చెప్పారు. నరం దెబ్బతిన్నా, నొప్పి చాలాకాలం నిలిచిపోయినా ఆ కాపలా చెడుతుంది. స్పర్శ నరం తెచ్చిన కబురు పోయి నొప్పి దారిలో పడుతుంది. గాయం తర్వాత వెన్నుపామే ఇలా అతిగా స్పందించడం మొదలుపెడుతుందని క్లిఫర్డ్ వుల్ఫ్ అనే శాస్త్రవేత్త 1983లో చూపించాడు.

నాకు దీన్ని అర్థం చేసుకోవడానికి కుక్క పనికొచ్చింది. ఒకసారి దొంగను చూసిన కుక్క ఆ తర్వాత ఆకు రాలినా మొరుగుతుంది. మొరుగుడు నిజమే, దొంగే లేడు. కొడితే ఇంకా మొరుగుతుంది. గదిలో పెట్టి తలుపేస్తే బయటి చప్పుడు ఏది వినబడినా దానికి కొత్తే. మెల్లగా అలవాటు చేయడం తప్ప వేరే దారి లేదు. పళ్ల బిగువున ఓర్చుకోవడం కొట్టడం లాంటిది, ఆ భాగాన్ని పూర్తిగా దాచేసుకోవడం తలుపేయడం లాంటిది. నేను రెండూ చేశాను, రెండూ బెడిసికొట్టాయి.

1. ముందు కారణం తేల్చుకోండి

అలోడీనియా జబ్బు పేరు కాదు, లక్షణం పేరు. వెనక ఏదో ఒకటి ఉంటుంది: అక్కి తర్వాత మిగిలే నరాల నొప్పి, షుగర్ వల్ల దెబ్బతిన్న నరాలు, మైగ్రేన్, ఒళ్లంతా నొప్పులుండే ఫైబ్రోమయాల్జియా, విటమిన్ బి12 లోపం, కొన్ని కీమోథెరపీ మందులు, వెన్నుపాము జబ్బులు. చేతికో కాలికో దెబ్బ తగిలాక లేదా ఆపరేషన్ తర్వాత, గాయం మానినా నొప్పి పెరుగుతూ ఆ భాగం రంగు మారడం, వాయడం, చెమట పట్టడం ఉంటే అది సీఆర్‌పీఎస్ (కాంప్లెక్స్ రీజనల్ పెయిన్ సిండ్రోమ్) అనే జబ్బు కావచ్చు. దానికి ఎంత తొందరగా వైద్యం మొదలైతే అంత మంచిది.

కొన్నిటికి మాత్రం ఆగకూడదు. ఏభై దాటినవాళ్లకి కొత్తగా తలనొప్పి వచ్చి, తల దువ్వుకుంటే మాడు నొప్పి, నమిలితే దవడ నొప్పి, చూపు మసకబారడం ఉంటే అది కణతల దగ్గరి రక్తనాళాల వాపు కావచ్చు. చూపు పోయే ప్రమాదం ఉంది, అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. ఒంటికి ఒక పక్కనే మంట పుట్టి పొక్కులు వస్తే అక్కి అనుకుని వెంటనే చూపించుకోండి, వైరస్ మందు 72 గంటల్లోపు మొదలుపెడితేనే బాగా పనిచేస్తుంది. పొక్కులు కంటి దగ్గరో ముక్కు మీదో ఉంటే ఇంకా తొందర. కాళ్ల మధ్య మొద్దుబారడం, మూత్రం మీద పట్టు తప్పడం, ఒక పక్క బలహీనత, లేదా నొప్పి ఉన్న చోట ఎర్రగా వేడిగా వాచి జ్వరం రావడం, వీటిలో ఏది కనబడినా ఈ వ్యాసం పక్కన పెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

2. నొప్పికి పటం గీయండి

నేను మొదట చూపించుకున్న డాక్టరు దగ్గర “అంతా నొప్పండీ” అన్నాను. ఆయన చర్మం చూసి, ఏమీ లేదని మామూలు నొప్పి బిళ్లలు రాసి పంపేశాడు. తప్పు ఆయన ఒక్కడిదే అనను. నాకు చెప్పడం రాలేదు.

ఒక సాయంత్రం అరగంట పెట్టుకోండి. కావలసినవి కొంచెం దూది, ఒక చల్లటి చెంచా, బట్టల మీదా చర్మం మీదా గీసి కడిగేసుకోగల పెన్ను. నొప్పి లేని చోట నుంచి మొదలుపెట్టి దూదితో మెల్లగా లోపలికి రాస్తూ రండి. స్పర్శ నొప్పిగా మారిన చోట చుక్క పెట్టండి. నాలుగు వైపుల నుంచీ ఇలా చేసి చుక్కలు కలిపితే హద్దు తెలుస్తుంది. ఫోటో తీసి తేదీ వేసుకోండి. తర్వాత ఆ హద్దు లోపల మూడు పరీక్షలు: దూది రాస్తే ఎంత, వేలితో అదిమి పట్టుకుంటే ఎంత, చల్లటి చెంచా ఆనిస్తే ఎంత. సున్నా నుంచి పది వరకు మార్కులు వేయండి. మూడూ ఒకటే కాకపోవచ్చు. రాస్తే వచ్చే నొప్పి, అదిమితే వచ్చే నొప్పి, చలికో వేడికో వచ్చే నొప్పి వేర్వేరు రకాలు, మీ బట్టలూ స్నానమూ తర్వాత చెప్పే అభ్యాసమూ అన్నీ ఈ మార్కుల మీదే ఆధారపడతాయి.

మొద్దుబారిన చోట ఉందేమో కూడా చూడండి. నొప్పి ఉన్న చోటే స్పర్శ సరిగా తెలియకపోవడం వింతగా అనిపిస్తుంది కానీ నరం దెబ్బతిన్నవాళ్లలో మామూలే. షుగర్ ఉన్నవాళ్ల పాదాల్లో మరీ. అలాంటి చోట వేడినీళ్ల సంచి, ఐసు పెట్టకండి, కాలినా తెలియదు. పాదాలు రోజూ కళ్లతో చూసుకోవాలి.

నొప్పి ఎలా ఉందో చెప్పే మాట కూడా రాసిపెట్టుకోండి. మంటా, కరెంటు షాకా, సూదులు గుచ్చినట్టా, తిమ్మిరా, భరించలేని చల్లదనమా, దురదా? నరాల నొప్పిని గుర్తించడానికి డాక్టర్లు వాడే డీఎన్4 అనే పట్టికలో ఉన్నవి దాదాపు ఇవే. పది అంశాల్లో నాలుగో అంతకంటే ఎక్కువో ఉంటే నరాల నొప్పి అని అనుమానిస్తారు. ఈ కాగితం పట్టుకుని రెండోసారి వేరే డాక్టరు దగ్గరికి వెళితే నా మాట ఐదు నిమిషాల్లో తేలిపోయింది.

3. గుడ్డ కదలకుండా చూడండి

అందరూ ముందు ఇచ్చే సలహా “వదులుగా ఉండేవి వేసుకో” అని. అది సగమే నిజం. వదులు చొక్కా ప్రతి అడుగుకీ ఊగుతుంది, ఊగిన ప్రతిసారీ చర్మానికి రాసుకుంటుంది. మీ పటంలో దూదికి ఎనిమిది, అదిమితే మూడు వచ్చాయనుకోండి, మీకు కావలసింది ఒంటికి అతుక్కుని కదలకుండా ఉండే మెత్తటి బనియను. దాని మీద వదులుది ఎంతైనా వేసుకోవచ్చు. అదిమితేనే నొప్పి అన్నవాళ్లకి మాత్రం వదులుదే మేలు. అక్కి తర్వాత నొప్పి ఉన్నవాళ్లలో కొందరు ఆ చోట పల్చటి ప్లాస్టిక్ పొరో, డాక్టరు ఇచ్చే పారదర్శక డ్రెస్సింగో వేసుకుంటారు. గుడ్డ దాని మీద జారుతుంది, చర్మం మీద కాదు. పుండు మానాకే ఇది.

ఇక కుట్లు. బనియను తిరగేసి తొడుక్కోండి, ఎవరూ చూడరు. చొక్కాల్లో ఉతికే పద్ధతి రాసి ఉండే ట్యాగు చాలా వరకు ఎడమ పక్క కుట్టులో, సరిగ్గా నా పక్కటెముకల కిందే ఉంటుంది. కత్తెరతో పైపైన కోస్తే గరుకు అంచు మిగిలి, ట్యాగుకన్నా అదే ఎక్కువ బాధపెడుతుంది. కుట్టు దారం విప్పి మొత్తం తీసేయాలి. సన్నటి పట్టకారు, వెలుతురు, పది నిమిషాల ఓపిక. కొత్త బట్టలు రెండు మూడుసార్లు ఉతికాకే వేసుకోండి.

రాత్రి దుప్పటి పెద్ద సమస్య. పాదాల నొప్పి ఉన్నవాళ్లు మంచం చివర ఒక అట్టపెట్టె అడ్డంగా పెట్టి దాని మీద దుప్పటి కప్పితే పాదాలకు తగలకుండా గుడారంలా నిలబడుతుంది. ఆసుపత్రుల్లో దీనికోసం ఇనుప చట్రాలే ఉంటాయి. ఫ్యాన్ గాలి నేరుగా తగలకుండా మంచం జరపండి.

స్నానంలో షవర్ సన్నటి ధారలు వందల సూదుల్లా తగులుతాయి. చేతిలో పట్టుకునే షవర్ అయితే ధార తగ్గించి, ముందు నొప్పి లేని చోట పోసుకుని అక్కణ్ణుంచి నీళ్లు జారనివ్వండి. నీళ్లు గోరువెచ్చగా చాలు. తువ్వాలుతో తుడవకండి, అద్దండి.

4. మందుల గురించి నాలుగు మాటలు

పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ లాంటివి ఈ రకం నొప్పికి పెద్దగా పనిచేయవు. పనిచేయడం లేదని డోసు పెంచుకుంటూ పోతే కడుపూ కిడ్నీలూ కాలేయమూ పాడవడమే మిగులుతుంది. నరాల నొప్పికి వాడేవి అమిట్రిప్టిలిన్, డ్యూలోక్సెటిన్, గాబాపెంటిన్, ప్రీగాబాలిన్. మొదటి రెండూ డిప్రెషన్ మందులుగా పుట్టినవి, తర్వాతి రెండూ ఫిట్స్ మందులుగా. చీటీ చూసి “నాకేమైనా పిచ్చా?” అని కంగారుపడేవాళ్లు చాలామంది. ఇవి నొప్పి కబురు మీదే పనిచేస్తాయి కాబట్టి ఇస్తారు.

తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు, ఫలితం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. మత్తు, కళ్లు తిరగడం, నోరు ఎండిపోవడం మామూలు. గుండె లయ సమస్య, గ్లకోమా, మూత్రం ఆగిపోయే ఇబ్బంది ఉంటే ముందే చెప్పండి, అమిట్రిప్టిలిన్ అందరికీ పడదు. ఏదీ ఉన్నట్టుండి మానేయకండి, దింపడం కూడా డాక్టరు చెప్పినట్టే.

పైన అంటించే లిడోకైన్ 5 శాతం పట్టీలు నాకు బాగా పనికొచ్చాయి. రోజులో 12 గంటలకు మించి ఉంచకూడదు, తెగని చర్మం మీదే వేయాలి. మందు ఒక ఎత్తు, గుడ్డ నేరుగా తగలకుండా పట్టీ అడ్డుండటం ఇంకో ఎత్తు. మిరపకాయకు కారం ఇచ్చే కాప్సైసిన్‌తో చేసిన 8 శాతం పట్టీ కూడా ఉంది, అది ఆసుపత్రిలోనే వేస్తారు. పుండు మీద కారం అన్న మాట నిజంగానే వైద్యమైందని మొదటిసారి విన్నప్పుడు నవ్వొచ్చింది.

మైగ్రేన్ ఉన్నవాళ్లకి ఒక ప్రత్యేక సంగతి. నొప్పి ముదిరాక జుట్టు ముట్టుకున్నా, కళ్లజోడు పెట్టుకున్నా బాధనిపించడం అలోడీనియాయే. మైగ్రేన్ వచ్చినప్పుడు వేసుకునే ట్రిప్టాన్ మందులు ఆ దశకు ముందే వేసుకుంటే ఎక్కువ పనిచేస్తాయి. జుట్టు ముడి బరువనిపించేదాకా ఆగకండి.

5. చర్మానికి మళ్లీ నేర్పించండి

అసలు పని ఇదే. ఫిజియోథెరపిస్టు గానీ ఆక్యుపేషనల్ థెరపిస్టు గానీ దగ్గరుంటే వాళ్లతోనే మొదలుపెట్టండి. కొందరు థెరపిస్టులు నొప్పి చోటును కొన్నాళ్లు అసలు ముట్టుకోకుండా దూరంగా ఉన్న చోట పని మొదలుపెడతారు. మీ థెరపిస్టు అలా చెబితే కింది పద్ధతితో కలిపేయకండి. పుండు, దద్దుర్లు, ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు ఏదీ చేయకూడదు.

ఐదారు రకాల గుడ్డ ముక్కలు పోగేయండి: పట్టు, పాత నూలు గుడ్డ, ఫ్లానెల్, తువ్వాలు, ఉన్ని, చివరికి గరుకు గోనె. మెత్తని దాని నుంచి గరుకు దాకా వరసగా పెట్టుకోండి. మొదట మెత్తని ముక్కను ఒంటికి రెండో వైపు, బాగున్న చోట రాసుకోండి. ఇది ఎలా ఉండాలో మెదడుకు చూపించడం అన్నమాట. తర్వాత పటంలో గీసిన హద్దుకు రెండంగుళాలు బయట, ఆ తర్వాత హద్దు మీద. నొప్పి పదిలో నాలుగు దాటకూడదు. దాటితే వెనక్కి రండి. ఒకసారికి రెండు నిమిషాలు చాలు, తర్వాత ఐదుకు పెంచవచ్చు, రోజుకు మూడు నాలుగుసార్లు. ఆపిన అరగంటలో నొప్పి మామూలు స్థాయికి రాకపోతే ఎక్కువ చేశారన్నమాట.

రాసేటప్పుడు గాలి పీల్చి బిగబట్టేస్తాం, భుజాలు పైకి లేస్తాయి. నేను మొదటి వారం గుడ్డ ముక్క కన్నా నా దవడ మీదే ఎక్కువ కన్నేసి ఉంచాల్సి వచ్చింది. ఊపిరి మెల్లగా వదులుతూ, ఆ వదిలేటప్పుడే గుడ్డ కదపండి. ఒక ముక్క మూడు రోజులు వరసగా రెండు మార్కుల లోపే ఉంటే తర్వాతి ముక్కకు వెళ్లండి. చేయి, కాలు అయితే గిన్నెలో బియ్యమో పొడి ఇసుకో పోసి అందులో మెల్లగా ముంచి కదపడం కూడా చేయిస్తారు.

టీవీ చూస్తూ యాంత్రికంగా రాసుకుంటే సగం శ్రమ వృథా. చేతికో కాలికో దీర్ఘకాలంగా నొప్పి ఉన్నవాళ్ల మీద నొప్పి మీద పరిశోధన చేసే లోరిమర్ మోజ్లీ బృందం 2008లో ఒక చిన్న ప్రయోగం ప్రచురించింది. ఎక్కడ తాకారో, లావు వస్తువుతోనా సన్నదానితోనా అన్నది గుర్తుపట్టి చెప్పించినప్పుడు నొప్పి తగ్గింది. ఊరికే తాకితే తగ్గలేదు. కాబట్టి ఇంట్లో ఒకరిని కూర్చోబెట్టుకోండి. హద్దు చుట్టూ ఐదు చుక్కలు పెట్టి అంకెలు వేయండి. మీరు కళ్లు మూసుకోండి, వాళ్లు పెన్ను మూతతోనో సీసా బిరడాతోనో ఒక చుక్క మీద ఆనించాలి. “మూడు, సన్నది” అని మీరు చెప్పాలి. మొదట్లో నాకు సగం తప్పేవి. నొప్పి పుట్టే చోట చర్మం అంత అస్పష్టంగా తెలుస్తుందని అప్పటిదాకా నేను గమనించనే లేదు.

చేయి లేదా కాలు అసలు ముట్టుకోనివ్వనప్పుడు అద్దం పనికొస్తుంది. బాగున్న చేతిని అద్దం ముందు, నొప్పి చేతిని అద్దం వెనక పెట్టి, ముందున్నదాన్ని రాస్తూ అద్దంలోకి చూస్తారు. తెగిపోయిన చేతిలో నొప్పి ఉందనేవాళ్ల కోసం మెదడు శాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ 1990ల్లో వాడిన పద్ధతే ఇది. కొందరికి ఇది తల తిప్పుతుంది, నొప్పి పెంచుతుంది కూడా, అందుకే మొదటిసారి థెరపిస్టు పక్కన ఉండాలి.

6. మనుషులకు చెప్పండి

పొడవాటి వివరణ ఎవరూ వినరు. రెండు వాక్యాలు తయారు చేసుకుని, అందరికీ అవే చెప్పండి. నావి ఇవి: “ఎడమ పక్క ముట్టుకోవద్దు, నరాల జబ్బు ఉంది. కుడి భుజం మీద చేయి వేయండి, ఫరవాలేదు.” రెండోది ముఖ్యం. వద్దు అని మాత్రమే చెబితే మనుషులు దూరం జరిగిపోతారు. ఎక్కడ పట్టుకోవచ్చో చెబితే పట్టుకుంటారు. పిల్లలకు ఇది పెద్దవాళ్లకన్నా తొందరగా అర్థమవుతుంది. మా పాప ఇప్పటికీ దగ్గరికొచ్చే ముందు “కుడా?” అని అడుగుతుంది.

బీపీ చూసేవాళ్లకి, రక్తం తీసేవాళ్లకి, జుట్టు కత్తిరించేవాళ్లకి కూర్చోకముందే చెప్పండి. తప్పనిసరిగా ముట్టుకోవలసి వస్తే అరచేయి ముందు ఆనించి ఒక క్షణం ఆగి, తర్వాత పని మొదలుపెట్టమనండి. కారులో సీటుబెల్టు మానేయకండి, ఛాతీ మీద దాని కింద మెత్తటి గుడ్డ మడత పెట్టుకోకండి కూడా, బెల్టు వదులవుతుంది. బెల్టుకే తొడిగే పల్చటి తొడుగు చాలు.

7. తిరగబెట్టినప్పుడు

తిరగబెడుతుంది. నిద్ర చెడిన మర్నాడు, జ్వరం వచ్చినప్పుడు, టెన్షన్ పడ్డ వారం. ఆ రోజు అభ్యాసం మానకండి, రెండు గుడ్డలు వెనక్కి వెళ్లి నిమిషం చేసి ఆపేయండి. ఆ చేతినో కాలినో కదపకుండా కట్టి ఉంచకండి. కారణం తెలియకుండా నొప్పి చోటు పెద్దదవుతుంటే లేదా కొత్త చోట మొదలైతే మళ్లీ డాక్టరు దగ్గరికే.

నెలకోసారి అదే దూదితో కొత్త పటం గీసి, పాత ఫోటో పక్కన పెట్టుకోండి. రోజూ చూసుకుంటే ఏ మార్పూ తెలియదు. నా మొదటి గీతలో రెండు అరచేతులు పట్టేవి, ఎనిమిదో నెల గీతలో ఒకటే పట్టింది. గోనె ముక్క దాకా ఇంకా రాలేదు, ఉన్ని దగ్గరే ఆగాను. కొత్త చొక్కా కొంటే మాత్రం ముందు తీసేది ఆ ఎడమ పక్క ట్యాగే.